కడుపు నిండిందమ్మా

...పిల్ల ఆ టీచరమ్మ ఇంట్లోనే తిని వస్తుంది, ఇంకెక్కడ తింటుంది, అనుకుంటూ ఐదు నెలలు గడిపింది మనోరమ. ఊరికే అనుకోవడం కూడా కాదు. ఇవాళ ముద్దపప్పు పెట్టి ఉంటుంది, ఇవాళ దోసకాయ పప్పు, ఇవాళ పనసపొట్టు కూర అని రోజుకొక వంట ఊహించుకుని, పోపు వాసనతో సహా కుళ్లుకుంది. ఆ వంటలన్నీ తన తలకాయలోనే ఉడికాయనీ, పిల్ల ఎక్కడా సరిగా తినలేదనీ, అన్నం పట్టాల్సిన చోటును నీళ్లు నిండిన తిత్తి ఒకటి నొక్కి పెట్టిందనీ నిన్న తెలిసింది. తెలిశాక కుళ్లు పోవాలి కదా. పోలేదు. పెళ్లి అయిపోయాక కూడా కదలని చుట్టంలా అది మనోరమ లోపల కూర్చునే ఉంది.

మంచం మీద అశ్రిత నిద్రపోతోంది. తొమ్మిదేళ్ల పిల్ల, ఆసుపత్రి దుప్పటి కింద ఆరేళ్ల దానిలా కనిపిస్తోంది. ఎడమ చేతికి సెలైన్ సూది, దాని మీద ఎవరో నర్సు అంటించిన పువ్వు బొమ్మ. మూడో అంతస్తు కిటికీలోంచి షామీర్‌పేట రోడ్డు, రోడ్డు పక్కన జామాయిల్ చెట్లు, వాటికవతల అవుటర్ రింగ్ రోడ్డు మీద నిశ్శబ్దంగా జారుతున్న లారీలు. మధ్యాహ్నం మూడు దాటింది. నాలుగింటికి డాక్టర్ ఫణిభూషణ్ వచ్చి ఏం చేయాలో తేలుస్తానన్నాడు.

"కడుపు నిండిందమ్మా." శివరాత్రి నుంచీ ఇదే మాట. నాలుగు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేది. "ఏం తిన్నవే అక్కడ?" అంటే "ఏం తినలేదమ్మా" అనేది. అబద్ధమాడుతోందని మనోరమకు ఖాయంగా తెలుసు. అబద్ధం ఆడటం కంటే, తన దగ్గర అబద్ధం ఆడి ఆ ఇంటిని కాపాడటమే ఆమెను ఎక్కువ కాల్చేది.

ఆ ఇల్లంటే పార్వతీదేవి ఇల్లు. గుడివాడ వైపు బడిలో పంతులమ్మగా చేసి రిటైరై, భర్త వెంకటేశ్వరరావుతో వచ్చి గుండ్లపోచంపల్లి అవతలి కాలనీలో చేరింది. నలుగురైదుగురు పిల్లలకు సాయంత్రం చదువు చెబుతుంది. ఆ కాలనీ ఒకప్పుడు మనోరమ అత్తగారి జొన్నచేను. పెళ్లైన కొత్తలో మనోరమ ఆ చేలోనే పిట్టల్ని తోలింది. ఇప్పుడు అదే చోట వరసగా ఒకే రంగు ఇళ్లు, గేటు దగ్గర పేరు రాయించుకుని గానీ లోపలికి పోనివ్వని కాపలావాళ్లు. తన పిల్ల మాత్రం ఏ పేరూ రాయకుండా లోపలికి పోయేది. బడి బస్సు నాలుగింటికి అక్కడ దించేది, ఏడింటికి మనోరమ వెళ్లి తెచ్చుకునేది. తెచ్చుకున్న పిల్ల "ఏందమ్మా" అనదు, "ఏమిటమ్మా" అంటుంది. భర్త మధుసూదన్‌కు అది నవ్వులాట. "మన బిడ్డ అటుదిక్కు దయింది, ఇగ పెండ్లికి సూడు, పప్పుచారు పెట్టమంటది" అనేవాడు. మనోరమ నవ్వేది కాదు. మాట పోతే మనిషి పోయినట్టే అని ఆమెకు లోపలెక్కడో ఒక భయం. సాక్ష్యం లేని దొంగతనం అది. ఎవరికి చెప్పుకుంటే నమ్ముతారు?

ఎడమ భుజం నొప్పి అన్నప్పుడు కూడా అంతే. "ఆ టీచరమ్మ ఇచ్చే పుస్తకాలు మోసీ మోసీ భుజం పడిపోయింది పిల్లకు" అని ఇంట్లో అందరికీ చెప్పింది. బ్యాగు తూకం వేసింది. మూడు వారాల క్రితం ట్యూషన్ మాన్పించింది. పాలిపోయిందని మేడ్చల్ మటన్ దుకాణం నుంచి తిల్లి తెప్పించి, బొగ్గుల మీద కాల్చి, ఉప్పు అద్ది పెట్టింది. తిల్లి తింటే రక్తం పడుతుందని వాళ్ల ఇంట్లో నమ్మకం. పిల్ల రెండు ముక్కలు నమిలి అదే మాట అంది.

నిన్న జ్వరంతో తెస్తే, స్కాన్ గదిలో డాక్టరమ్మ గొట్టాన్ని పిల్ల ఎడమ పక్కటెముకల కింద ఆపి, మళ్లీ జరిపి, మళ్లీ అక్కడే ఆపి, మాట్లాడటం మానేసింది. తర్వాత ఫణిభూషణ్ వచ్చాడు. "ప్లీహంలో తిత్తి ఉందమ్మా, పెద్ద బత్తాయి పండంత" అన్నాడు. మనోరమకు ప్లీహం అర్థం కాలేదు. పక్కనున్న నర్సు దీప అందించింది: "తిల్లి మేడం, తిల్లి."

తిల్లి. మూడు వారాలుగా తను కాల్చి పెట్టింది అదే.

"అది పొట్టను నొక్కుతోంది. అందుకే కొంచెం తినగానే నిండినట్టు ఉంటుంది. పైకి నొక్కితే భుజంలో నొప్పి తెలుస్తుంది" అన్నాడు డాక్టరు. ఆయన అన్నం గురించి, భుజం గురించి చెబుతుంటే, తను ఐదు నెలలుగా రాసుకున్న నేరాల పట్టీని ఎవరో పై నుంచి కిందికి కొట్టేస్తున్నట్టు అనిపించింది మనోరమకు. ఉపశమనం కలగలేదు. నేరం లేకపోతే ఆ మనిషిని ఏమని ద్వేషించాలి?

డాక్టరు ఓపికగల మనిషి. కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పాడు. ఇలాంటి తిత్తి పిల్లలకు మూడు దార్లలో వస్తుందట. పుట్టుకతో రావచ్చు. గొర్రెలు, కుక్కలు కలిసి తిరిగే చోట ఒక రకం పురుగు గుడ్లు నోట్లోకి పోయి రావచ్చు. లేదా ఎప్పుడో గట్టి దెబ్బ తగిలి, లోపల రక్తం గడ్డకట్టి, అది కరిగి నీరై నిలిచిపోవచ్చు.

"ఇవన్నీ స్కాన్‌లో ఒకలాగే కనిపించొచ్చమ్మా. అందుకే మీ మాట కావాలి నాకు. ఎప్పుడైనా పడిందా? పొట్ట మీద, ఈ పక్క దెబ్బేమైనా తగిలిందా? ఏడాది, రెండేళ్ల కిందట అయినా సరే."

అప్పుడు అశ్రిత తల్లి వైపు చూసింది. డాక్టరు చూసింది పిల్లనే, పిల్ల చూసింది తల్లిని.

"పడుడేంది సార్" అంది మనోరమ. "మా బిడ్డ పడదు. దసరాకు సైకిల్ కొనిచ్చినం. నేనే నేర్పిన. ఒక్క పూటల నేర్సుకుంది, ఒక్కసారి గూడ కిందవడలే. నేను ఎనక పట్టుకొని ఉరికిన, గంతే."

"పడలేదు" అని ఆయన రాసుకున్నాడు. "ఇంట్లో కుక్కలు, గొర్రెలు ఉన్నాయా?"

ఉన్నాయి. షామీర్‌పేట అవతల తమ తోటలో జీతగాడు మల్లేష్ కాస్తున్న గొర్రెలు నలభై దాకా ఉన్నాయి, కుక్కలు మూడు. ఆదివారం వస్తే అశ్రిత ఆ కుక్కల మెడలు పట్టుకుని పొర్లేది. డాక్టరు అదీ రాసుకున్నాడు, దాని కింద గీత గీశాడు.

ఆ గీత చూసి మనోరమకు, ఎందుకో, తేలికగా అనిపించింది. ఇప్పుడు కిటికీ దగ్గర నిలబడి ఆ తేలికను మళ్లీ తాకి చూసుకుంది. కుక్కల వల్ల అయితే ఎవరి మీదా కుళ్లుకోనక్కర్లేదు. తోట తమది, గొర్రెలు తమవి, కుక్కలు తమవి. జబ్బు కూడా తమ ఇంటిదే అవుతుంది. పిల్లకు వచ్చే జబ్బు సైతం తమ ఇంట్లోంచే రావాలని కోరుకునే తల్లి ఉంటుందా? ఉంది, ఇక్కడే నిలబడి ఉంది, మెడలో నీలం రిబ్బనుకు అటెండరు పాసు వేసుకుని.

ఫోను మోగింది. మధుసూదన్.

"ఏమన్నడు డాక్టరు? జల్దీ చెప్పు, కమిషనర్ సాబ్ కాడ ఉన్న."

"నాలుగింటికి చెప్తరంట. లోపట చీము వడుతున్నట్టుందంట. మామూలు తిత్తి అయితే ఇయ్యాలనే గొట్టమేసి గుంజేస్తరు, తర్వాత చిన్న ఆపరేషన్. పురుగు తిత్తి అయితే సూది గూడ పెట్టొద్దంట. అండ్ల నీళ్లు ఒంట్ల చిందితే పానం మీదికొస్తదంట. ముందుగాల గోలీలు మింగి కొన్ని వారాలు ఆగాలె, ఆగేటట్టు లేదు అంటున్నరు. పగిలితే..."

"రక్తం టెస్టు జేసిండ్రు గద?"

"గది రేపు వస్తది. వచ్చినా, పురుగు లేదంటే గూడ నమ్మరాదంట."

"మరి ఎట్ల తెలుస్తదే? సరే, మల్లేష్‌కు చెప్త, ఆ కుక్కల్ని ఎల్లగొట్టుమని."

"కుక్కల్ని ఎల్లగొడితే తిత్తి ఎల్లిపోతదా?"

"వస్తున్న. గంటల వస్త. పరేషాన్ గాకు" అని పెట్టేశాడు.

ఫోను చేతిలోనే ఉంది. వేలు ఊరికే తెర మీద కదిలింది. చేసిన కాల్స్‌లో పైనుంచి రెండోది: ట్యూషన్ టీచర్, పదకొండు నలభై, నాలుగు నిమిషాలు. పదకొండు నలభైకి తను మందుల కోసం కిందికి వెళ్లింది. ఫోను మంచం మీద చార్జింగులో ఉంది.

నాలుగు నిమిషాలు. నొప్పితో మూలుగుతూ, తల్లితో నాలుగు మాటలకు మించి మాట్లాడని పిల్ల, ఆమెతో నాలుగు నిమిషాలు మాట్లాడింది.

ఒంటిగంటకు కింది కాపలా మనిషి ఫోను చేసి "మేడం, పార్వతీదేవంట, పేషెంటును చూడాలంటుంది" అన్నప్పుడు, ఈమెకెట్లా తెలిసిందా అని అనుమానించి, "ఒక్కటే పాసు గద, ఎవరూ వద్దను" అంది మనోరమ. ఆమె వెళ్లిపోయి ఉంటుందనుకుంది. ఇప్పుడు కిటికీలోంచి వంగి చూస్తే, గేటు పక్క సిమెంటు బల్ల మీద, నెత్తిన కొంగు కప్పుకుని, ఒళ్లో ఒక ప్లాస్టిక్ కవరు రెండు చేతులతో పట్టుకుని కూర్చునే ఉంది. పక్కన స్టీలు క్యారియరు. రెండు గంటలకు పైగా ఎండలో.

చూడు, తెచ్చింది. తిండి తెచ్చింది. ఆ తిండి లోపలికి పోయే చోటే లేదని తెలిసినా తెచ్చింది.

"అమ్మా." అశ్రిత కళ్లు తెరిచింది. "అమ్మమ్మగారు వచ్చారా?"

అమ్మమ్మగారు. అందులో 'గారు' తీసేస్తే ఏం మిగులుతుందో మనోరమ ఎప్పుడూ ఆలోచించకుండా దాటిపోయే మాట అది.

"నా ఫోన్ కెల్లి నువ్వే పిలిచినవా? ఎందుకు పిలిచినవ్?"

"చెప్పడానికి."

"ఏం చెప్పనీకి? నాకు చెప్పు."

పిల్ల గోడ వైపు తిరిగింది. మెల్లగా తిరిగింది, ఎడమ పక్క మీద చెయ్యి అడ్డం పెట్టుకుని. "నువ్వు ఫీలైతవ్" అంది గోడతో. ఎన్నో రోజుల తర్వాత తమ ఇంటి మాట మాట్లాడింది, ఆ మాట అనడానికి.

మనోరమ దీపను పిలిచి పిల్ల దగ్గర ఉండమని, మెట్లు దిగింది. లిఫ్టు కోసం ఆగలేదు. మెట్టు మెట్టుకూ ఒక మాట సిద్ధం చేసుకుంది: ఏం పెట్టినవ్ మా బిడ్డకు? ఏం మందు పెట్టినవ్, తల్లి కంటె ఎక్కువ అయినవ్? కింద గేటు దాటి ఆమె ముందు నిలబడింది.

పార్వతీదేవి లేచి నిలబడింది. డెబ్బై ఏళ్లకు దగ్గర్లో ఉన్న మనిషి. ఎండకు ముఖం కందిపోయింది.

"ఎలా ఉందమ్మా? జ్వరం తగ్గిందా?"

"ఎందుకొచ్చినవ్ టీచరమ్మా?"

"నేను ముందే రావాల్సింది. ఏడాది కిందటే రావాల్సింది మీ ఇంటికి." ఆమె గొంతు తడబడలేదు, దారిలో చాలాసార్లు అనుకుని వచ్చిన మనిషిలా చెప్పింది. "పోయినేడు వానలు మొదలైన రోజుల్లో, పిల్ల సైకిలు మీంచి పడిందమ్మా. మా గేటు ముందు, తడి మీద జారి. హ్యాండిలు కొస ఇక్కడ, పక్కటెముకల కింద పొడుచుకుంది."

మనోరమ నవ్వింది. నవ్వు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియలేదు. "సైకిలా? పోయినేడు వానలప్పుడు మా బిడ్డకు సైకిల్ యాడిది? దసరాకు కొన్నం. నేను నేర్పిన."

పార్వతీదేవి చూపు దించుకుని చేతిలోని కవరు అంచును మడిచింది.

"మా మనవరాలి పాత సైకిలు ఉండేది. ఆయన వెనకాల పరిగెత్తేవారు" అంది. "అశ్రిత అప్పటికే వారం నుంచి తొక్కుతోంది. మీకు చెబుతానంటే ఒట్టు వేయించుకుంది. 'సైకిల్ అమ్మే నేర్పిస్తానంది, మీరు నేర్పించారంటే అమ్మ నన్ను ఇక్కడికి పంపదు' అంది. పిల్ల మాట విని ఊరుకున్నానమ్మా. తప్పు నాది. పంతులమ్మను, ముప్పై ఏళ్లు పిల్లలతో ఉన్నదాన్ని, నాకు తెలియదా? తెలిసే ఊరుకున్నాను. మీరు మాన్పించేస్తారని నాకూ భయమేసింది."

రోడ్డు మీద షేర్ ఆటో ఒకటి ఆగి, మనిషిని దింపి పోయింది. మనోరమ ఆ ఆటోనే చూస్తూ నిలబడింది.

దసరా. ఇంటి ముందు సందు. తను వెనక సీటు పట్టుకుని పరిగెత్తడం, చీర కుచ్చిళ్లు కాళ్లకు తగలడం, పిల్ల అటూ ఇటూ ఊగుతూ "విడవకమ్మా, విడవకు" అని అరవడం. తను విడిచేయడం. పిల్ల పడకుండా పోవడం. ఆ రోజు తర్వాత ఎంతమందికి చెప్పింది! తను జీవితంలో ఎవరికైనా ఏదైనా నేర్పింది అంటే అదొక్కటే.

"దసరాకు మీరు సైకిలు కొన్నారని ఎగురుకుంటూ వచ్చి చెప్పింది" అంది పార్వతీదేవి. "'రానట్టు నటించాను అమ్మమ్మగారూ. అమ్మ ఎంత సంతోషపడిందో' అంది."

మనోరమ బల్ల మీద కూర్చుంది, క్యారియరుకు ఇవతల. ఆ ఊగడం నటన. ఆ అరుపు నటన. తొమ్మిదేళ్లు కూడా నిండని పిల్ల తన తల్లి కోసం సందు పొడుగునా నాటకం ఆడింది. ఆ నాటకాన్నే తను నిన్న డాక్టరుకు సాక్ష్యంగా ఇచ్చింది. ఆయన "పడలేదు" అని రాసుకున్నాడు.

"ఇది చూడండి." పార్వతీదేవి కవరులోంచి మడత కాగితం తీసింది. "మూడు రోజులు నొప్పంటే ఊరుకోలేక, పక్కనే స్కాన్ సెంటరుకి తీసుకెళ్లాం. ప్లీహంలో చిన్న రక్తపు గడ్డ ఉంది, గెంతనివ్వకండి, నెల తర్వాత మళ్లీ చూడాలి అన్నారు. నెలంతా అష్టాచెమ్మా ఆడించి కూర్చోబెట్టాను. నెల తర్వాత..." ఆగింది.

నెల తర్వాత మనోరమ ట్యూషన్ మాన్పించింది, మొదటిసారి. పిల్ల ఇంట్లో అష్టాచెమ్మా గళ్లు సుద్దతో గీసి, "అమ్మమ్మగారింట్లో ఇలా కాదు, ఇలా ఆడతాం" అని తల్లికి నేర్పబోయినందుకు. రెండు నెలలు పంపలేదు. లెక్కల్లో మార్కులు తగ్గితే మళ్లీ పంపింది.

"మళ్లీ వచ్చాక నొప్పి లేదంది. తగ్గిపోయిందిలే అనుకున్నాం. మీకు చెప్పి మళ్లీ తీయించాల్సింది. చెప్పలేదు."

"మా బిడ్డ పానం మీద మీరిద్దరు కూసొని అష్టాచెమ్మ ఆడిండ్రా?" అంది మనోరమ. తను అనుకున్నంత గట్టిగా రాలేదు ఆ మాట.

"అవునమ్మా" అంది ముసలామె.

కాగితం విప్పింది మనోరమ. పేరు: అశ్రిత. వయసు: ఎనిమిది. తేదీ. నలుపు తెలుపు బొమ్మలో గడ్డ చుట్టూ చుక్కల గీత, కింద కొలతలు. పైన మూల, వెంట వచ్చినవారు అన్న చోట ఎవరో నీలం పెన్నుతో రాశారు: అమ్మమ్మ.

మనోరమ తల్లి చనిపోయినప్పుడు మనోరమకు ఏడేళ్లు. ఆ తర్వాత పెదనాన్న ఇంట్లో పెరిగింది. జ్వరమొస్తే చాప వేసి పక్కన చెంబుతో నీళ్లు పెట్టేవాళ్లు, మంచివాళ్లే. కింద పడితే మోకాలికి ఎవరికి వాళ్లు మన్ను రాసుకోవడమే. తను పడిన ఏ దెబ్బకూ ఎక్కడా కాగితం లేదు. ఒక ముసలామె తన చెయ్యి పట్టుకుని స్కాన్ సెంటరు మెట్లు ఎక్కించడం, వాళ్లాయన గొడుగు పట్టుకుని వెనక నడవడం, నెలంతా ఒకరు ఎదురుగా కూర్చుని గవ్వలు వేసి ఓడిపోవడం. చూస్తున్న కొద్దీ, ఆ బొమ్మలో ఉన్న పిల్ల అశ్రిత కాకుండా పోతోంది. ఇన్నాళ్లూ ఆమె తన పిల్లను లాక్కుందని కుళ్లుకున్నాననుకుంది. కాదేమో. తనకు దొరకనిది తన పిల్లకు దొరికిందని కుళ్లుకుందేమో. ఆ ఆలోచన ఎంత సిగ్గుగా ఉందంటే, ఎవరైనా చూశారేమోనని మనోరమ తల తిప్పి చూసింది. కాపలా మనిషి ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు.

మూడు ముప్పావు.

"గీ కాగితం నేను చూపిస్త డాక్టరుకు" అని లేచింది.

"తీసుకోండమ్మా. అందుకే తెచ్చాను."

లిఫ్టు దాకా నడిచింది. కాగితాన్ని మడిచి మధ్యలో ఆ నీలం మాట లోపలికి పోయేలా పెట్టింది. ఏముంది, చెప్పొచ్చు. పోయినేడు పడింది సార్, మర్చిపోయిన, నేనే స్కాన్ తీయించిన. ఎవరు కాదంటారు? పిల్ల అనదు. పిల్ల నటిస్తుంది. దసరానాడు నటించినట్టు, ఇవాళ కూడా తల్లి వైపు చూసి, తల్లి చెప్పిందే నిజమన్నట్టు తల ఊపుతుంది. ఆ చూపును మనోరమ ఇప్పుడు లిఫ్టు స్టీలు తలుపు మీద స్పష్టంగా చూసింది.

తర్వాత ఆయన అడుగుతాడు. పడ్డాక వాంతులయ్యాయా? అడుగుతాడు. కళ్లు తిరిగాయా? ఆ పక్క నల్లగా కమిలిందా, ఎన్ని రోజులుంది? రాత్రి ఏ పక్కకు తిరిగి పడుకునేది? మూడు రోజులు నొప్పన్నప్పుడు ఎక్కడ చెయ్యి పెట్టి చూపించేది? ఆయన ప్రశ్నలు ఆపడు, ఓపికగల మనిషి. తనకు ఒక్కటీ తెలియదు. ఊహించాలి. ఐదు నెలలు ఆ ఇంటి వంటలు ఊహించినట్టు, ఇప్పుడు ఆ ఇంటి దెబ్బను కూడా ఊహించాలి. ఊహించినదాన్ని ఆయన రాసుకుంటాడు, కింద గీత గీస్తాడు, దాన్ని బట్టి సూది పెట్టాలో వద్దో తేలుస్తాడు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. కాసేపు అలాగే తెరుచుకుని ఉండి, మూసుకుంది.

మనోరమ వెనక్కి నడిచింది. కాపలా మనిషి తలెత్తి "మేడం, పాసు ఒక్కరికే" అన్నాడు, ఆమె ఏమీ అడగకముందే. పార్వతీదేవి ఇంకా నిలబడే ఉంది. ఇంక కూర్చోవచ్చని ఎవరూ చెప్పలేదు మరి.

కాగితాన్ని ఆమె చేతిలో పెట్టింది మనోరమ. "రూం నంబరు మూడు వందల పది. నాలుగు గొట్టంగనే వస్తడు డాక్టరు. అన్నీ అడుగుతడు."

"మీరు లేకుండా నేనెలాగమ్మా? పిల్ల ఏమనుకుంటుంది?"

"నాకు తెల్వదు టీచరమ్మా. పడ్డదని నాకు తెల్వదు గద." కాస్త ఆగి అంది, "సైకిల్ సంగతి గూడ చెప్పు. పడుడుకు వారం ముందుగాల నుంచే దానికి తొక్కుడు వచ్చని. ఆయన రాసుకున్నది కొట్టేయమను."

ముసలామె కళ్లలో నీళ్లు తిరిగాయి. మనోరమకు ఆ నీళ్లు చూడబుద్ధి కాలేదు. ఇప్పటికీ ఈమె అంటే ఇష్టం లేదు, రేపు కూడా ఉంటుందో లేదో తెలియదు. క్యారియరు వైపు చూసింది. "అండ్ల ఏముంది?"

"మజ్జిగ చారు అన్నం. మెత్తగా కలిపాను. రెండు ముద్దలైనా..."

"రెండు ముద్దల కంటె పట్టదు దానికి. బలవంతం జేయకు" అంది మనోరమ.

మెడలోని నీలం రిబ్బను తలమీదుగా తీసింది. జడలోని క్లిప్పుకు తట్టుకుంటే విడదీసుకుంది. పార్వతీదేవి నెత్తి మీది కొంగును ఒక చేత్తో వెనక్కి జరిపి, పాసును ఆమె మెడలో వేసింది.